మన రాతను దిద్దే హక్కు ఎవరిది?

(నేరేడ్‌మెట్‌లో బస్తీ యువజనులు ఏర్పాటు చేసిన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



మన పిల్లలు ఒక పని తలకెత్తుకున్నారు. పెద్దమనుషుల ఇళ్లల్లో ట్రంకుపెట్టెల్లో, సజ్జల మీద పడి ఉన్న సంఘం కరపత్రాలు, పాత పత్రికలు, పాటల నోటుబుక్కులు, సభల తీర్మానాలు అన్నీ పోగుచేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామంటున్నారు. శభాష్. చెదలు తినగా మిగిలిందే ఇవాళ మన చేతిలో ఉన్న చరిత్ర. అది కూడా పోకముందే ఎవరో ఒకరు పూనుకోవాలి. "సార్, మీరు తెలుగు పంతులు గదా, ఎట్లా టైపు చెయ్యాలో వచ్చి చెప్పండి" అని నన్ను పిలిచారు. టైపు చెయ్యడం నాకంటే వాళ్లకే బాగా వచ్చు. నేను ఒక్క ప్రశ్న అడిగి పోదామని వచ్చాను. ఎక్కించేటప్పుడు మన రాతను దిద్దే హక్కు ఎవరికి ఉంది? దిద్దితే ఆ దిద్దినవాడు తన పేరు చెప్పాలా, అక్కర్లేదా?

ఇళ్ల పట్టాలకు, ఉద్యోగాలకు, స్కాలర్‌షిప్పులకు కొట్లాడాల్సిన టైములో ఈ అక్షరాల గొడవ ఏందని కొందరు అనుకోవచ్చు. అనుకోనీ. పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కినవాళ్లు ఈ సభలో ఉన్నారు. వాళ్లను అడగండి. మనం నోటితో చెప్తాం, రాసేవాడు రాస్తాడు. మనం "కులం పేరు పెట్టి తిట్టిండు, అందరి ముందట కొట్టిండు" అంటాం. కాగితం మీద "ఇరువర్గాల మధ్య వాగ్వాదం జరిగినది" అని వస్తుంది. ఆ కాగితం మీద కులం పేరు లేకపోతే సెక్షన్ మారిపోతుంది, కేసు నీళ్లు గారిపోతుంది. 1989 అట్రాసిటీల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. నోటిమాటగా ఇచ్చిన ఫిర్యాదును రాసుకున్న అధికారి, సంతకం తీసుకునే ముందు దాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలని అందులో పెట్టారు. అంత చిన్న సంగతిని చట్టంలో ఎందుకు రాయాల్సి వచ్చింది? చెప్పిన మాటకూ రాసిన మాటకూ నడుమ ఒక చెయ్యి ఉంది గనక. ఆ చెయ్యి మనది కాదు గనక.

అందుకే ఇది పండితుల గొడవ కాదంటున్నాను. మాట మారితే బతుకు మారిపోతుందని మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

కామా దగ్గర పట్టుబట్టిన మనిషి

బాబాసాహెబ్ సంగతి చూడండి. 1936లో లాహోరులోని జాత్-పాత్-తోడక్ మండల్ తన వార్షిక సభకు ఆయనను అధ్యక్షుడిగా పిలిచింది. పేరులోనే కులాన్ని తెంచుతామని పెట్టుకున్న సంస్థ అది. ప్రసంగం ముందే రాసి అచ్చు వేయించారు. మండలి వాళ్లు చదివి జడుసుకున్నారు. శాస్త్రాల మీద, వేదాల మీద దెబ్బ తగ్గించమన్నారు. హిందువుగా హిందువులకు చెప్పే చివరి మాట ఇదే కావచ్చునన్న ముక్క వద్దన్నారు. ఒక్క కామా కూడా మార్చేది లేదని ఆయన తిరిగి రాశారు. సభ జరగలేదు. ఎవరూ వినని ఆ ప్రసంగాన్ని ఆయనే పుస్తకంగా బయటపెట్టారు. మొదటి 1500 ప్రతులు రెండు నెలల్లో చెల్లిపోయాయి. అదే మనం 'కుల నిర్మూలన' అని చదువుకుంటున్న గ్రంథం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మండలి వాళ్లకు మార్చనివ్వని మనిషే, తరువాత 1937లో రెండో కూర్పు, 1944లో మూడో కూర్పు తెచ్చారు. గాంధీ చేసిన విమర్శను, దానికి తన జవాబును రెండో కూర్పులో చేర్చారు. అంటే రచయిత తన పుస్తకాన్ని పెంచుకున్నాడు. అది ఆయన హక్కు. పెంచిన సంగతి ముందుమాటలో చెప్పి మరీ పెంచారు. మన వీధుల్లో చవగ్గా దొరికే ప్రతి ఏ కూర్పు నుంచి వచ్చింది? మధ్యలో ఎవరు ఏ పేరా ఎగరగొట్టారు? అడిగేవాడు లేడు.

ఇంకొకటి చెప్తాను. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' బాబాసాహెబ్ పోయిన తరువాత 1957లో అచ్చయింది. దానికి ఆయన 1956లో రాసిన ఒక ముందుమాట ఉంది. తన ఆయుష్షును కొంతకాలం నిలబెట్టినందుకు భార్య సవితకు, డాక్టర్ మాల్వంకర్‌కు అందులో కృతజ్ఞత చెప్పుకున్నారు. పుస్తకంలో ఆ ముందుమాట రాలేదు. 1980లో భగవాన్ దాస్ దాన్ని వెలికితీసి వేరే అచ్చు వేసేదాకా మామూలు పాఠకుడికి అది ఉన్నట్టే తెలియదు. ఒక మహానాయకుడి ఆఖరి పుస్తకంలోనే ఇట్లా జరిగితే, నాలుగో తరగతి చదివిన మన పెద్దవ్వ పాటల నోటుబుక్కు గతేమిటి?

లోపల ఉన్నది తెలుగు కాదు

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అని ఎవరో ఒకరు ఒప్పందం చేసి పెట్టాలి. ఆ ఒప్పందం లేకపోతే ఏమవుతుందో మన పత్రికలే సాక్ష్యం.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ తరువాత ఊరూరా కరపత్రం, జిల్లాజిల్లాకు ఒక పత్రిక పుట్టింది. మొదట్లో చేతి కంపోజింగు. 1990లలో డీటీపీ వచ్చింది. అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో మన రాతలు ఎక్కాయి. ఆ ఫాంట్లు పనిచేసిన పద్ధతి ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన అంకెల మీదనే తెలుగు ముక్కలు అతికించారు. ఒక అంకె మీద తలకట్టు, ఒక అంకె మీద కొమ్ము, ఇంకో అంకె మీద వత్తు. తెర మీద తెలుగు కనిపిస్తుంది, కాగితం మీద తెలుగు అచ్చవుతుంది. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు గుర్తుల కుప్ప. ఆ ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు. వెతికితే ఒక్క మాట దొరకదు. పేజీ కట్టిన పేజ్‌మేకర్ తయారీ కూడా ఎప్పుడో ఆగిపోయింది. కొత్త పద్ధతిలోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒక్కో ఫాంటుకు ఒక్కో లెక్క. వత్తులు, పొల్లులు మధ్యలో జారిపోతాయి. ఆ రోజుల్లో ఫ్లాపీలో దాచినవాళ్లు ఫైలు దాచామనుకున్నారు. కొందరికి దక్కింది ప్లాస్టిక్ బిళ్ల.

యూనికోడ్ అనే ఒప్పందం 1991లో మొదటిసారి వచ్చింది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 చోట్లు కేటాయించారు. మ అంటే 3118. దీర్ఘం 3134. ద 3110. గుడి 3135. గ 3095. ఈ అయిదింటినీ వరుసగా పెడితే 'మాదిగ' అవుతుంది. 3118, 3134, 3122 పెడితే 'మాల' అవుతుంది. ఈ అంకెలు నేరేడ్‌మెట్‌లో అవే, న్యూయార్కులో అవే. ఫాంటు మారినా మాట మారదు. ఇంకో యాభై ఏళ్లకు తెరిచినా దొరుకుతుంది. కాబట్టి మొదటి షరతు: ఎక్కించేది యూనికోడ్‌లో ఎక్కించండి. పేజీ అందంగా కట్టడం తరువాత.

అయితే ఆ పట్టికలో చోటు లేని అక్షరం కంప్యూటర్‌కు లేనట్టే లెక్క. మన నోళ్లలో రోజూ పలికే ౘాప, ౙొన్న తీసుకోండి. చదువులో మామూలు చ, జ రాస్తాం, పలికేది వేరే. ఆ పలుకుకు ఉన్న ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. అంతదాకా పాటను పాడినట్టు రాద్దామన్నా మామూలు పద్ధతిలో వీలు లేకపోయింది. పట్టికలో ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎప్పుడు వచ్చారు అనేది అక్షరాల లోకంలో కూడా ఉంది మరి.

ఫోటో తీస్తే చాలదా అని మీరు అడుగుతారు. ఫోటో తీయాల్సిందే, అది మొదటి పని. కానీ ఫోటో బొమ్మ మాత్రమే. అందులో మాటను వెతకలేం, కళ్లు లేనివాళ్లకు మిషన్ చదివి వినిపించలేదు, ఒక పాటను ఇంకో పాటతో పోల్చలేం. బొమ్మలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ ఉంది. ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. బాగానే పనిచేస్తాయి, వాడుకోండి. వాటి గుణం మాత్రం తెలుసుకొని వాడండి. అవి నేర్చుకున్నది ఎక్కువగా పేపర్ల తెలుగు, పుస్తకాల తెలుగు. చెరిగిపోయిన చోట ఏఐ ఆగి "నాకు కనపడలేదు" అని చెప్తుందనే నమ్మకం లేదు. తనకు అలవాటైన మాటను నున్నగా అతికించి పోతుంది. 'లంద' అని ఉంటే దానికి కొత్త. మన వాడలో కొత్త కాదు.

'లంద' పోయి 'పరిశ్రమ' వచ్చింది

మిషన్ ఒక్కటే చేస్తుందా ఈ పని? మనుషులు అంతకుముందునుంచే చేస్తున్నారు. ఒక ఊళ్లో ఒక పెద్దావిడ తన బతుకు చెప్పింది. ఆమె మనవడు నోటుబుక్కులో రాసుకున్నాడు. చిన్న పుస్తకం వేద్దామని దాన్ని ఒక డీటీపీ సెంటర్‌లో ఇచ్చారు. పేరు ఎందుకు గానీ, ప్రూఫులు నా దగ్గరికి వచ్చాయి. నోటుబుక్కులో "మా నాయిన లందకాడికి పోతే పొద్దుగూకినంక వచ్చెటోడు" అని ఉంది. ప్రూఫులో "మా నాన్నగారు తోళ్ల పరిశ్రమకు వెళ్లి సాయంత్రానికి వచ్చేవారు" అని ఉంది. టైపు చేసినతనికి చెడు ఉద్దేశం లేదు. "భాష బాగు చేశాను సార్" అన్నాడు.

ఏం బాగైందో చూద్దాం. లంద అంటే తోలు నానబెట్టి ఊనే చోటు. తంగేడు చెక్క, సున్నం, ఆ వాసన, ఆ వాసన పేరుమీద ఊరు మనల్ని దూరం పెట్టడం, ఆ తోలుతోనే ఊరి మోట నడవడం, ఇంత చరిత్ర రెండక్షరాల్లో ఉంది. 'పరిశ్రమ' అనగానే గేటు, జీతం, సైరన్ గుర్తొస్తాయి. ఉన్న వెట్టి మాయమై లేని ఉద్యోగం వచ్చింది. 'పొద్దుగూకినంక' అంటే పొద్దు కుంగినాక, చీకటి పడ్డాక. 'సాయంత్రానికి' అనేసరికి ఆ మనిషి పనిగంటలు తగ్గిపోయాయి. ఇక 'గారు', 'వచ్చేవారు'. ఆమె తండ్రిని ఆ ఊళ్లో ఏ దొరా గారు అనలేదు. అనని గౌరవాన్ని మనం ఇప్పుడు అతికిస్తే, అనని వాళ్ల తప్పు మాసిపోతుంది. మా నాయిన అని ఆమె అన్నదాంట్లో ఉన్న ప్రేమ ఈ 'గారు'లో లేదు.

ఆ వాక్యాన్ని తిరిగి రాయించాం. మరి మనకు ప్రూఫులు రాని పుస్తకాల సంగతేమిటి?

అట్లా అని అచ్చుతప్పును కూడా పూజించమని నేను అనడం లేదు. కరపత్రంలో 'పోరాటం' అనేచోట 'పోరటం' అని పడితే అది కంపోజిటర్ చెయ్యి జారడం. 'పొద్దుగూకినంక' చెయ్యి జారడం కాదు, అది మా ఊరి వ్యాకరణం. ఈ రెండూ వేరని తెలిసినవాడే ఎక్కించే పనిలో కూర్చోవాలి. తెలియకపోతే అడగాలి. అడగడానికి మనిషి లేకపోతే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యాలి.

రెండూ ఉంచే పద్ధతి

కాగితం మీద ఒక చిక్కు ఉంది. తప్పు ఉంచాలా, దిద్దాలా, ఏదో ఒకటే వెయ్యగలం. కంప్యూటర్‌లో రెండూ ఉంచవచ్చు. ఇక్కడే మనకు పనికొచ్చే విద్య ఒకటి ఉంది.

1987లో అమెరికాలోని వాసర్ కాలేజీలో కొందరు భాషల వాళ్లు, సాహిత్యం వాళ్లు, కంప్యూటర్ల వాళ్లు కూర్చొని, పాత గ్రంథాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అందరికీ పనికొచ్చే నియమాలు రాద్దామనుకున్నారు. దాని పేరు టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్, పొట్టిగా టీఈఐ. మొదటి సంపూర్ణ నియమావళి 1994లో వచ్చింది. ఇప్పటికీ పెంచుతూనే ఉన్నారు. పైసా ఇవ్వకుండా ఎవరైనా వాడుకోవచ్చు. అందులో కిటుకు చిన్నదే. పాఠం నడుమ కోణపు బ్రాకెట్లలో గుర్తులు పెడతారు. కాగితం చిరిగి మాట పోతే అక్కడ 'గ్యాప్' అని గుర్తు. ఉంది గానీ సరిగ్గా కనపడకపోతే 'అన్‌క్లియర్'. పోయిన మాట ఇదై ఉంటుందని మనం పూరిస్తే 'సప్లైడ్', అంటే ఇది మూలంలోది కాదు, మేం పెట్టింది అని. మూలంలో ఉన్న తప్పును ఉన్నట్టు ఉంచితే 'సిక్'. దాని పక్కన మన దిద్దుబాటు పెడితే 'కార్'. ఈ రెంటినీ ఒక జంటగా కట్టేది 'చాయిస్'. ఎవరు దిద్దారో పేరు రాయడానికి ఇంకో గుర్తు. చదివేవాడు కావాలంటే మూలం చదువుకుంటాడు, కావాలంటే దిద్దింది చదువుకుంటాడు. ఏదీ పోదు. దిద్దినవాడు దాక్కోలేడు.

చూశారా? స్టేషన్‌లో మనం అడుగుతున్నది కూడా ఇదే. నేను చెప్పింది ఉంచు, నువ్వు రాసింది పక్కన రాయి, నీ పేరు రాయి.

ఇట్లాంటి పద్ధతే బాబాసాహెబ్ పుస్తకానికి అక్కరకొచ్చింది. ఆయన చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సెస్ ప్రిచెట్ అనే ప్రొఫెసర్ 'కుల నిర్మూలన' ఇంగ్లీషు పాఠాన్ని వివరణలతో కంప్యూటర్‌లోకి తెచ్చారు. చదువరికి సులువుగా ఉండాలని తాను చేర్చిన చిన్న శీర్షికలను, అంకెలను చదరపు బ్రాకెట్లలో పెట్టారు. ఏది బాబాసాహెబ్ మాట, ఏది తన మాట అన్నది కంటికి కనిపిస్తుంది. మంచి పని, మెచ్చుకుందాం. మరి మన తెలుగు సంగతి? 1921లోనే 'మాకొద్దీ నల్లదొరతనము' అని నిలదీసిన కుసుమ ధర్మన్నకు ఇట్లాంటి కూర్పు ఏది? ఈ హైదరాబాద్‌లో 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టి 'వెట్టి మాదిగ' కథ రాసిన భాగ్యరెడ్డివర్మకు ఏది? మన సికింద్రాబాద్ మనిషి పి.ఆర్. వెంకటస్వామి ఆది హిందూ ఉద్యమం నడిచిన తీరును ఇంగ్లీషులో రెండు భాగాలుగా రాసి 1955లో వేశారు. అది మళ్లీ అచ్చులో కనిపించింది 2020లో. అరవై అయిదేళ్లు! ఒక తరం పుట్టి, పెరిగి, రిటైరైపోయింది.

కోత పడిన చోటు కూడా పాఠమే

ఒక పుస్తకానికి ఒకే పాఠం ఉంటుందని బడిలో అనుకుంటాం. 'మాలపల్లి' నవల చూడండి. ఉన్నవ లక్ష్మీనారాయణ మన కులంవాడు కాదు, మన వాడ గురించి రాశాడు. 1922లో అచ్చయింది. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో మార్పులతో వేసుకోవచ్చని అనుమతించింది. 1936లో మళ్లీ నిషేధం, 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక విడుదల. మరి మనం చదివే 'మాలపల్లి' నిషేధానికి ముందుదా, కోతల తరువాతదా? ఏ పేజీలో ఏ వాక్యం సర్కారుకు భయపడి పోయింది? బంగోరె అనే బండి గోపాలరెడ్డి ఆ నిషేధాల చరిత్ర తవ్వి ఒక పుస్తకమే రాశాడు. అట్లాంటి పనిని పాఠం పక్కనే కూర్చోబెట్టవచ్చు. మొదటి కూర్పులో ఇది, తరువాతి కూర్పులో ఇది, ఈ వాక్యం ఇక్కడ లేదు అని గుర్తు పెట్టవచ్చు. దొర ఏ మాటకు భయపడ్డాడో తెలిస్తే, ఆ మాటకు ఎంత బలముందో తెలుస్తుంది.

వేమన సంగతీ అంతే. సి.పి. బ్రౌన్ ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించి 1829లో 693 పద్యాలు వేశాడు. 1839 నాటికి అవి 1164 అయ్యాయి. ఎన్ని వేమన చెప్పినవి, ఎన్ని జనం వేమన పేరుమీద చెప్పుకున్నవి? తాటాకు ప్రతులు ఒకదానితో ఒకటి కలవవు. ఒకే పద్యంలో ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో ఇంకో మాట. ఒక పండితుడు కూర్చొని "ఇది వేమనకు తగదు" అని కొట్టేస్తే అది ఆయన తీర్పు. తీర్పు ఇవ్వనీ. కొట్టేసిన మాట మాత్రం మనకు కనిపించాలి.

మన జాంబ పురాణానికి వస్తే ఇది ఇంకా ముఖ్యం. చిందువాళ్లు ఆడేదానికి, డక్కలివాళ్లు చెప్పేదానికి ఒకే ప్రతి లేదు. ఊరును బట్టి, వినే జనాన్ని బట్టి కథ పెరుగుతుంది, తగ్గుతుంది. అయిదుగురు చెప్పింది కలిపి ఒక 'సరైన పాఠం' వండితే అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి ముందట, ఇవన్నీ పాఠం తలమీదనే రాయాలి. చెప్పినవాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే బయట పెట్టాలి. వాళ్ల గొంతు మీద ఇంకొకడు పట్టా పుచ్చుకొని, వాళ్లను "పేరు తెలియని జానపద కళాకారులు" అని రాసే రోజులు చాలు.

పేర్లను చెరపకండి

పేర్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది, మన పిల్లలు మంచి మనసుతోనే అందులో పడతారు. పాత కాగితంలో 'పంచములు' అని ఉంటే చిరాకేసి 'దళితులు' అని టైపు చేస్తారు. చెయ్యకండి. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, అధ్యక్షుడుగా వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరునే కాదని ఆది ఆంధ్ర అన్నాడు. ఇక్కడ నిజాం రాజ్యంలో ఆది హిందూ అన్నాం. తరువాత గాంధీ హరిజన అన్నాడు, మనం వద్దన్నాం. రాజ్యాంగం షెడ్యూల్డ్ కులాలు అన్నది. దళిత అని మనం తలెత్తాం. ఒక్కో పేరు వెనక ఒక్కో కొట్లాట. అన్నింటినీ ఒక్క పేరుతో తుడిచేస్తే ఆ కొట్లాటలన్నీ తుడిచిపెట్టినట్టే.

కానీ కంప్యూటర్‌లో 'దళిత' అని వెతికిన పిల్లకు 1931 నాటి 'ఆది హిందూ' వ్యాసం దొరకదు గదా? దొరుకుతుంది, గుర్తు పెడితే. మూలంలో మాటను ముట్టుకోకుండా, ఈ పేర్లన్నీ ఒకే జనానివని లోపల ఒక గుర్తు కట్టవచ్చు. వెతికినప్పుడు అన్నీ వస్తాయి, చదివినప్పుడు ఏ కాలం మాట ఆ కాలానిదే ఉంటుంది.

చివరికి పనిచేసినవాళ్ల పేర్లు. కంప్యూటర్‌తో గ్రంథాల మీద పనిచేసినవాళ్లలో తొలి మనిషిగా ఫాదర్ రొబెర్టో బూసా అనే ఇటలీ మతగురువును చెప్తారు. 1949లో ఐబీఎం కంపెనీ సాయం సంపాదించి, థామస్ అక్వినాస్ రచనల్లోని కోటి పైచిలుకు మాటలకు సూచిక కట్టించాడు. అది 56 సంపుటాలైంది. ఆ మాటలను కార్డుల మీద రంధ్రాలుగా కొట్టింది ఎవరు? చాలావరకు పడుచు ఆడపిల్లలు. ఫోటోల్లో మిషన్ల ముందు కూర్చొని కనిపిస్తారు, పేర్లు లేవు. దశాబ్దాలు గడిచాక జూలియాన్ నైహాన్ అనే పరిశోధకురాలు వాళ్లలో కొందరిని వెతికి మాట్లాడించి రాసింది. ఎక్కడైనా ఇదే లెక్క. గోపురం మీద ఒకరి పేరు, రాయి మోసినవాళ్లకు పేరుండదు. మన దగ్గర అట్లా కాకూడదు. గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' తెచ్చి 1921 నుంచి దళిత స్త్రీలు రాసిందంతా వెతికి పెట్టకపోతే, మన ఆడవాళ్లు రాయనే లేదని మనమే చెప్పుకుంటూ ఉండేవాళ్లం. కాబట్టి రేపు మీరు ఎక్కించే ప్రతి ఫైలు తల మీద టైపు చేసిన చెల్లె పేరు, సరిచూసిన తమ్ముడి పేరు, కాగితం దాచిన అవ్వ పేరు ఉండాలి. వాళ్లకు ఇష్టమైతే.

రేపటి నుంచి పని

ఇంత చెప్పి పని చెప్పకపోతే ఉపన్యాసమే అవుతుంది. నేను పంతులును, హోంవర్కు ఇవ్వకుండా పోను.

ముందు కాగితాన్ని ముట్టుకోకుండా ఫోటో తియ్యండి, అట్టలు, వెనక పేజీలు, చందాల లెక్కలతో సహా. తరువాత యూనికోడ్‌లో ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యండి. స్పెల్లింగు దిద్దే సాధనం ఆపెయ్యండి. ఒకరు టైపు చేస్తే ఇంకొకరు కాగితం పక్కన పెట్టుకొని సరిచూడాలి. చిరిగినచోట చిరిగిందని, తెలియనిచోట తెలియలేదని రాయండి. ఊహించి పూరిస్తే పూరించామని రాయండి. టీఈఐ గుర్తులన్నీ మొదటి రోజే నేర్చుకోనక్కర్లేదు. ఈ నాలుగు నిజాయితీలు పాటిస్తే గుర్తులు తరువాత పెట్టుకోవచ్చు. పాఠాన్నే మార్చేస్తే మాత్రం ఏ గుర్తూ దాన్ని వెనక్కి తేలేదు.

రాసిన మనిషి బతికి ఉంటే, పాడిన అవ్వ మన మధ్య ఉంటే, టైపు చేసింది ఆమె పక్కన కూర్చొని చదివి వినిపించండి. స్టేషన్‌లో మన హక్కుగా అడిగేదాన్ని మన ఇంట్లో మనం పాటించకపోతే ఎట్లా? "ఇట్ల కాదు బిడ్డా, నేను గిట్ల అన్న" అని ఆమె అంటే అదే ఆఖరి మాట.

చట్టం కూడా తెలుసుకోండి. రచయిత పోయిన ఏడాది దాటాక 60 సంవత్సరాలకు కాపీరైటు తీరుతుంది. భాగ్యరెడ్డివర్మ 1939లో, కుసుమ ధర్మన్న 1946లో పోయారు. వాళ్ల రచనలు ఎవరైనా ఎక్కించవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో పెడితే పక్కన అసలు పేజీ బొమ్మ, ఇటు పాఠం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర అంతా కనిపిస్తుంది. డబ్బు ఖర్చు లేదు. జాషువా 1971లో పోయారు, ఆయన రచనలకు 2031 పూర్తయ్యేదాకా ఆగాలి లేదా హక్కుదారులను అడగాలి. 1990ల పత్రికలకు సంపాదకులను, కవులను అడగండి. మనవాళ్లే, కాదనరు. అడగడం మాత్రం మర్యాద. దాడుల కేసుల్లో బాధితుల పేర్లున్న కాగితాలను ఎక్కించండి గానీ, వాళ్లనో వాళ్ల ఇంటివాళ్లనో అడగకుండా బయట పెట్టకండి.

ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోకండి. మూడు చోట్ల మూడు కాపీలు. అందులో ఒకటి ఈ బస్తీలోనే ఉండాలి. ఊరు దాటి పోయిన తాటాకు మద్రాసులోనో లండన్‌లోనో తేలితే, దాన్ని చూడటానికి మనం అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. మన కాగితానికి మనమే అర్జీ పెట్టుకునే గతి మళ్లీ రావద్దు.

అక్షరం ముట్టుకోవద్దన్నారు. ముట్టుకున్నాం. చదివాం, రాశాం, అచ్చు వేశాం. ఇప్పుడు మన రాతను లోకం ముందు పెట్టే మిషన్ మన చేతికి వచ్చింది. అందులో మన మాట మన మాటగా వెళ్లాలి. దిద్దాలనుకున్నవాడిని దిద్దనీ. పక్కన దిద్దమనండి, పేరు పెట్టి దిద్దమనండి. మన మాట మీద గీత కొట్టే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఆదివారం నాడు మొదటి పెట్టె తెరుస్తామన్నారు. చేతులు కడుక్కొని రండి, కాగితాలు మెత్తబడి ఉన్నాయి. నేనూ వస్తాను.

జై భీమ్.